తొమ్మిది ‘ఇవ్వం’లు

రోజు 1

పన్నెండు పెట్టెలూ పన్నెండు ఇళ్లకు బిగించేశాను. ఇవాళ్టి నుంచి నూట ఎనభై రోజులు. రోజూ ఏదో ఒకటి రాయాలని కాలేజీ వాళ్లు ఈ పుస్తకం చేతికిచ్చారు. రోజూ రాసేంత ఓపిక నాకు లేదు. రాయాల్సింది ఉన్నప్పుడు రాస్తాను.

నా పేరు కొప్పాడి మరిడేశ్వరి. గుట్ట మీది కాలేజీలో ఇంజినీరింగ్ మాస్టర్స్, ఆఖరి ఏడు. బయట అందరూ మాది ‘కొట్టు చదువు’ అంటారు. పొద్దున లెక్కలు, లోహాలు, కరెంటు. మధ్యాహ్నం సంతలో నిలబడి మనం చేసిన వస్తువు మనమే అమ్మాలి. అమ్మడం రాని ఇంజినీరు సగం ఇంజినీరేనని మా మేడమ్ నమ్మకం. అందుకే మాకు థీసిస్ లేదు. ఒక యంత్రం తయారుచేసి పన్నెండు ఇళ్లలో పెట్టాలి. నూట ఎనభయ్యో రోజున పరిశీలకుడిని వెంటబెట్టుకుని వెళ్లి, ‘మా యంత్రం మాకు ఇచ్చేయండి’ అని అడగాలి. ఇచ్చేస్తే అది ఆ ఇంటికి అక్కర్లేదన్నమాట. ‘ఇవ్వం’ అంటే మనకు ఒక మార్కు. తొమ్మిది ‘ఇవ్వం’లు వస్తే డిగ్రీ, దాంతోపాటు తయారీ అనుమతి. రాకపోతే రెండూ లేవు. యంత్రాలను విప్పి, ఆ భాగాలను వచ్చే బ్యాచ్‌కు పంచేస్తారు.

ఈ పరీక్ష సంగతి ఇళ్లవాళ్లకు ముందుగా చెప్పకూడదు. చెబితే పేరు కొట్టేస్తారు.

చెప్పాల్సిన అవసరం నాకేముంది? తొమ్మిదేమిటి, పన్నెండూ తెస్తాను.

రోజు 9

పొద్దున్నే లేచి సోలార్ పరదాల మీద పేరుకున్న ఉప్పు కడిగాను, వాన సంచుల్లో నీళ్లు ఎంతున్నాయో చూశాను, తర్వాత పన్నెండు ఇళ్లూ తిరిగాను. కొత్తలంకలో పుట్టిన పిల్లను కాబట్టి ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి తినకుండా బయటపడలేను. ఇది పరిశోధనో, పేరంటమో నాకే అర్థం కావడం లేదు.

కొత్తలంక పేరుకే లంక. నలభై ఒక్క తెప్ప ఇళ్లు, అడుగున మునిగిపోయిన పాత ఊరు. ఒక్కో ఇంటి తాడూ నీళ్లలోకి దిగి ఏదో ఒక పాత మేడ స్తంభానికి చుట్టుకుని ఉంటుంది. బుల్లెమ్మ పెద్దమ్మ ఇల్లు ఒకప్పటి సినిమా హాలుకు కట్టి ఉంది. మా అన్నయ్యది ఏదో బ్యాంకుకు. అన్నయ్య ఇంట్లో పెట్టె పెట్టలేదు, బంధువుల ఇళ్లు లెక్కలోకి రావు. బుల్లెమ్మ పెద్దమ్మ మాకు చుట్టం కాదు, ఊరందరికీ పెద్దమ్మే.

తాళ్లన్నీ సముద్రపు నాచు నారతో పేనినవి. పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి, లోపల ఒక్కో పోగూ కుళ్లిపోతూ ఉంటుంది. ఇదివరకు మునిగేవాళ్లు పున్నమికోసారి కిందికి దిగి చేత్తో తడిమి చూసేవారు. ఇప్పుడు ఇద్దరే మిగిలారు, ఆ ఇద్దరికీ ఊపిరి చాలడం లేదు. పోయినేడు తుఫానులో ఒక మూల ఇంటి తాడు తెగింది. ఇంట్లో నలుగురున్నారు. ఇల్లు నాలుగో రోజున దొరికింది, వాళ్లు దొరకలేదు. ఆ నలుగురిలో సీతారత్నం నాతో కలిసి చదువుకున్న పిల్ల.

నా పెట్టె తాడు కట్టిన దుంగకు అతుక్కుని వింటూ ఉంటుంది. బిగువుగా ఉన్న తాడు అలలకు సన్నగా మోగుతుంది. లోపల పోగులు తెగేకొద్దీ ఆ మోత బొంగురుపోతుంది. మనిషి చెవికి ఆ తేడా తెలియదు, పెట్టెకు తెలుస్తుంది, గంట కొడుతుంది. అలల బరువంతా బయటి వరస ఇళ్ల మీదే పడుతుంది కాబట్టి ఆ వరసలోని పన్నెండు ఇళ్లకూ పెట్టెలు పెట్టాను. ఆ పన్నెండూ నిలబడితే లోపలివన్నీ నిలబడతాయి.

ఊళ్లో అప్పుడే దానికి ‘మరిడి చెవి’ అని పేరు పెట్టేశారు. ఇంకో పేరు ఆలోచించుకునే శ్రమ తప్పింది.

రోజు 63

ఇవాళ నా గుండె జారిపోయింది.

పెట్టె తుడుద్దామని బుల్లెమ్మ పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ గ్రైండరులో మినప్పప్పు రుబ్బుతోంది. గారెలు వేస్తానని నన్ను కూచోబెట్టింది. ఆ గ్రైండరు పక్కింటి సూరమ్మది, మూడేళ్ల కిందట వాడుకుని ఇస్తానని ఎరువు తెచ్చుకున్నది. ఇంతలో సూరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

“పెద్దమ్మా, మా గ్రైండరు కావాలి.”

“ఆయ్, తీస్కెళ్లమ్మా.”

పెద్దమ్మ గ్రైండరు ఆపేసింది. సగం నలిగిన పప్పును గిన్నెలోకి తీసింది. గ్రైండరు కడిగి, తుడిచి, అందులో గుప్పెడు బెల్లం వేసి సూరమ్మ చేతిలో పెట్టింది. ఇద్దరూ నవ్వుకున్నారు. సూరమ్మ వెళ్లిపోయాక పెద్దమ్మ ఆ పప్పును చిన్న రోట్లో వేసి దంచడం మొదలెట్టింది. ఆవిడకు డెబ్భై నాలుగేళ్లు.

“కాసేపాగి ఇస్తే ఏం పోయేది పెద్దమ్మా? పప్పు రుబ్బుతున్నానని చెబితే ఆవిడ ఆగదా?”

“అడిగింది కదే.”

“అడిగితే?”

“అదేం మాటే! అడిగేక మన చేతిలో ఎలా ఉంచుకుంటాం?”

ఆవిడ గారెలు వేసేదాకా కూచున్నాను గానీ ఒక్కటీ తినలేకపోయాను. ఇది నాకు తెలియని సంగతా? నేను పుట్టి పెరిగిందే ఇక్కడ. నీళ్లొచ్చిన ఏడు ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. ఒకరి దుప్పటి ఇంకొకరు కప్పుకుని, ఒకరి గిన్నెలో ఇంకొకరు వండుకుని మూడేళ్లు బతికారు. అప్పుడు పుట్టిన పద్ధతి ఇది. సొంతదారు అడిగితే నోరు మూసేలోగా వస్తువు చేతిలో ఉండాలి. ఎందుకని అడగరు, రేపిస్తామనరు. కొత్తలంకలో పోట్లాటలు లేకపోవడానికి ఇదే కారణమని నేనే కాలేజీలో గొప్పగా ఉపన్యాసం ఇచ్చాను. నూట ఎనభయ్యో రోజున వీళ్ల గుమ్మం ముందు నిలబడి ‘ఇచ్చేయండి’ అని అడగబోయేదాన్ని నేనేనని మాత్రం తట్టలేదు. ఊపిరి పీల్చుకున్నట్టు అలవాటైపోయిన దాని గురించి ఎవరు ఆలోచిస్తారు?

కాలేజీ చరిత్రలో ఇంత తెలివైన తెలివితక్కువది ఇంకొకతె ఉండదు.

రోజు 70

పొద్దుటి లాంచీ పట్టుకుని కాలేజీకి వెళ్లాను. మా గైడు రహమతున్నీసా మేడమ్ సంత తరగతి ముగించుకుని, చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ వచ్చారు.

“మేడమ్, ఈ పరీక్ష మా వాళ్లకు పనికిరాదు. ఇచ్చేయండి అంటే ఇచ్చేస్తారు. కడిగి, తుడిచి మరీ ఇస్తారు.”

గ్రైండరు సంగతి చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి నా ముఖం చూశారు.

“పద్దెనిమిదేళ్లుగా పెడుతున్నానమ్మా ఈ పరీక్ష. మర్యాద ఎక్కువై తప్పినవాళ్లను చూడలేదు. ప్రశ్న మార్చడం నా చేతిలో లేదు, బోర్డు చేతిలో ఉంది. ఇళ్లు మార్చుకోవడం నీ చేతిలో ఉంది. తొంభయ్యో రోజుదాకా గడువుంది కదా.”

“ఎక్కడికి మార్చమంటారు?”

“రేవు కాలనీకి. వాళ్లు ఎరువు తెచ్చుకున్న సూది కూడా తిరిగివ్వరు.”

“వాళ్ల పడవలకు ఇనుప గొలుసులు మేడమ్. నా పెట్టెతో వాళ్లకు పనేముంది?”

“పని లేకపోయినా ఇవ్వం అంటారు. నేను చెప్పేదీ అదే.”

తిరుగు లాంచీలో ఆ మాటే నమిలాను. అక్కర్లేనివాళ్ల దగ్గర పెడితే పాసవుతాను, కావాల్సినవాళ్ల దగ్గర పెడితే తప్పుతాను. ఈ పరీక్షను రూపొందించిన మహానుభావుడెవరో గానీ, ఆయన ఇంట్లో ఎవరూ దేన్నీ తిరిగిచ్చి ఉండరు.

రోజు 90

గడువు అయిపోయింది. నేను ఇళ్లు మార్చలేదు.

త్యాగం చేశానని ఎవరూ పొరబడొద్దు. పెట్టెలు రేవు కాలనీకి పోతే ఈ తుఫానుల కాలంలో బయటి వరస తాళ్లను వినేవాళ్లు ఉండరు. అది ఒక కారణం. రెండోది నా పొగరు. నేను చేసింది మంచి యంత్రం. మంచి యంత్రం ముందు మర్యాద ఎంతసేపు నిలబడుతుంది? ఇంకా తొంభై రోజులున్నాయి. పెట్టె లేకుండా ఒక్క పూట కూడా గడవదనిపించేలా చేస్తాను. అప్పుడు అడిగితే చేయి దానంతటదే వెనక్కి పోతుంది.

రోజు 118

ఏడో ఇంట్లో గంట మోగింది!

అది ఓలేటి పట్టాభి ఇల్లు. ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ల అమ్మ, పట్టాభి. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి ఆయన దుంగ మీద చెయ్యి వేసి చూస్తున్నాడు.

“తాడు బాగానే ఉందమ్మాయ్. మొన్ననే తడిమేరు కూడా.”

“పైకి లాగుదాం బాబాయ్.”

కొత్త తాడు వేసి బిగించాక పాతదాన్ని ఎనిమిదిమంది కలిసి లాగారు. ఇరవై బారల లోతు దగ్గర తొక్క లాంటి పైపొర మాత్రమే ఉంది. లోపల పోగులన్నీ బురదైపోయాయి. పట్టాభి వేలితో నొక్కితే వేలు ఇటునుంచి అటు వచ్చేసింది. తర్వాత పిల్లలిద్దరినీ పిలిచి నాకు దణ్ణం పెట్టమన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను, సంతోషంతో కూడా.

సాయంత్రానికి ఊరంతా పట్టాభి ఇంటి ముందే ఉంది. ఎవరికి వాళ్లు తమ ఇంటి పెట్టె ఎంత బాగా పనిచేస్తోందో చెప్పుకున్నారు. బుల్లెమ్మ పెద్దమ్మ అయితే ఇంట్లో దీపం లేకపోయినా ఉండగలను గానీ చెవి లేకపోతే కళ్లు మూతపడవని అందరి ముందూ అంది. ఆ మాట వెంటనే ఇక్కడ రాసుకుంటున్నాను. ఇంక నాకు భయం లేదు. ఈవిడ ఇవ్వదు. ఎలా ఇస్తుంది?

రోజు 178

రేడియోలో వాతావరణ కబురు వచ్చింది. తూర్పున పెద్ద తుఫాను పుట్టింది, నాలుగు రోజుల్లో మా మీదికి వస్తుందట. ఊరంతా సోలార్ పరదాలు చుట్టి, వంట సామాను తాళ్లతో కట్టుకుంటున్నారు. నేను పన్నెండు పెట్టెల్లోనూ కొత్త బ్యాటరీలు వేశాను. పరీక్ష వాయిదా వేయమని కాలేజీకి రేడియోలో చెప్పాను. నూట ఎనభై అంటే నూట ఎనభయ్యేనని జవాబు వచ్చింది.

రోజు 180

పరిశీలకుడు వేణుధర్ గారు పొద్దుటి లాంచీలో వచ్చారు. మంచి మనిషి. అలలకు కడుపులో తిప్పి, ముఖం పాలిపోయి ఉంది. మూడు గంటలకు ఆఖరి లాంచీ, ఆ తర్వాత తుఫాను పోయేదాకా లాంచీలు ఉండవు. త్వరగా కానిద్దాం అన్నారు.

మొదటి ఇంటి ముందు నిలబడ్డాను.

“మా పెట్టె మాకు ఇచ్చేయండి.”

ఇచ్చేశారు. కడిగి, పొడిగుడ్డలో చుట్టి ఇచ్చారు. రెండో ఇల్లు ఇచ్చింది. మూడో ఇంటావిడ “ఇప్పుడా?” అన్నట్టు ఒక్కసారి సముద్రం వైపు చూసింది. నా ప్రాణం లేచి వచ్చింది. ఆవిడ మరుక్షణం స్క్రూలు విప్పి నా చేతిలో పెట్టింది, పైన నాలుగు ఎండురొయ్యలు కూడా వేసింది. పట్టాభి కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఇచ్చాడు. పదో ఇల్లు, పదకొండో ఇల్లు.

పన్నెండోది బుల్లెమ్మ పెద్దమ్మది.

“పెద్దమ్మా, పెట్టె ఇచ్చెయ్.”

ఆవిడ దుంగ దగ్గరికి నడిచింది. పెట్టె మీద ఒక్క క్షణం చెవి ఆనించింది. తర్వాత విప్పి, కొంగుతో తుడిచి రెండు చేతులతో ఇచ్చింది.

“జాగ్రత్తగా తీస్కెళ్లు. నీళ్లు తగలనియ్యకు. ఆ బాబుగారేటి అలా పాలిపోయేరు? కాస్త అల్లం నీళ్లు ఇవ్వనా బాబూ?”

వేణుధర్ గారు అల్లం నీళ్లు తాగి, పుస్తకంలో సున్నా రాశారు. నా ముందే రాశారు, దాచలేదు.

“ఎందుకమ్మా ఇలా అయింది? యంత్రం బాగానే ఉందే.”

“బాగానే ఉందండి. మనుషులు ఇంకా బాగున్నారు.”

రేవులో లాంచీ ఇంజను తిరుగుతోంది. పెట్టెలు పన్నెండూ బుట్టలో నా చేతిలో ఉన్నాయి. ఊరు ఊరంతా నన్ను సాగనంపడానికి వచ్చింది. తూర్పున ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. వేణుధర్ గారు లాంచీ ఎక్కి చేయి చాచారు.

“బుట్ట ఇటివ్వమ్మా.”

నేను కదల్లేదు. ఆయన నేను వినలేదనుకున్నారు.

“యంత్రాలు కాలేజీవమ్మా. ఇటివ్వు.”

“ఇవ్వను.”

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. పుట్టి ముప్పయ్యొక్కేళ్లయింది, ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. నాలుక మీద చేదుగా కూడా లేదు. మళ్లీ అన్నాను.

“ఇవ్వనండి. తుఫాను పోయేదాకా ఇవ్వను, పోయాక కూడా ఇవ్వను. వీటితో మాకు పని ఉంది.”

“అలా చేస్తే నీ పేరు కొట్టేయాల్సి వస్తుంది. డిగ్రీ సంగతి అటుంచు, మూడేళ్లదాకా మళ్లీ చేర్చుకోరు. తెలుసా?”

“తెలుసండి. రాసుకోండి.”

ఆయన నన్ను, నా వెనకాల ఇళ్లను, తూర్పు ఆకాశాన్ని చూశారు. చాచిన చేయి వెనక్కి తీసుకున్నారు. పుస్తకం తెరిచి ఏదో రాశారు. లాంచీ కదిలింది.

అంతవరకు నోళ్లు తెరుచుకుని చూస్తున్న ఊరు అప్పుడు నా మీద విరుచుకుపడింది. మెచ్చుకుంటారనుకున్నాను!

“సిగ్గు లేదటే నీకు?” బుల్లెమ్మ పెద్దమ్మ గొంతు అందరికంటే పైన ఉంది. “వాళ్ల సొత్తు వాళ్లడిగితే ఇవ్వనంటావా? ఒక్కసారి కాదు, నాలుగుసార్లు! ఆ బాబు ఏమనుకున్నాడో! కొత్తలంక పిల్ల ఇలాంటిదని గుట్ట మీదంతా చెప్పుకోరూ? చదువుకోమని పంపితే ఇదా నేర్చుకొచ్చేవ్?”

ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉంది. నేను తల వంచుకుని వెనకే నడిచాను. పెట్టెను దుంగకు ఆనించి పట్టుకుంటే, తిట్టు ఆపకుండానే స్క్రూ ఒక్కొక్కటీ అందించింది. నేను బిగించింది చాలలేదని, నన్ను పక్కకు నెట్టి తనే ఇంకో చుట్టు తిప్పింది.

చీకటి పడకముందే పన్నెండూ బిగించేశాం.

రోజు 185

తుఫాను రెండు రోజులు ఉంది, నిన్న పొద్దున పోయింది. రెండో ఇంట్లో, తొమ్మిదో ఇంట్లో, పెద్దమ్మ ఇంట్లో గంటలు మోగాయి. మూడు తాళ్లూ వాన మధ్యలోనే మార్చాం. నా కుడి అరచేతిలో చర్మం లేదు, ఎడమచేత్తో రాస్తున్నాను. నలభై ఒక్క ఇళ్లూ ఎక్కడివక్కడ ఉన్నాయి. మనుషులందరూ ఉన్నారు.

ఇవాళ మొదటి లాంచీలో బోర్డు ఉత్తరం వచ్చింది. డిగ్రీ లేదు, అనుమతి లేదు, పేరు కొట్టేశారు. అడుగున మేడమ్ తన చేత్తో రెండు వాక్యాలు రాశారు. ‘పరిశీలకుడి నివేదిక చదివాను. ఈ ప్రశ్న మార్చాలని బోర్డుతో పోట్లాడుతున్నాను, గెలుస్తానో లేదో తెలియదు.’ కూచుని ఏడ్చాను. ఏడవలేదని అబద్ధం రాయను. ఆ డిగ్రీ నాకు కావాలి. మూడేళ్లు ఆగి మళ్లీ చేరతాను, మళ్లీ ఇదే యంత్రంతో, ఇవే ఇళ్లతో.

ఇప్పుడిక దాచాల్సిన పని లేదు కాబట్టి అన్నయ్యకు పరీక్ష సంగతి చెప్పాను. గంటలో ఊరంతా పాకింది. బుల్లెమ్మ పెద్దమ్మ కబురంపింది. వెళ్లేసరికి దుంగ పక్కన నిలబడి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఇవ్వం అనాలంట కదే. అంతేనంట కదా. ఆ ఒక్క ముక్క అనుంటే నీ చదువు నిలబడేదంట. ఎందుకు చెప్పలేదే?”

“చెప్పకూడదు పెద్దమ్మా.”

“సరే. ఇప్పుడడుగు. నేను అంటాను. ఎల్లి ఆ బాబుకి చెప్పు, పెద్దమ్మ అందని చెప్పు.”

ఇప్పుడు అన్నా లాభం లేదని చెప్పబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను.

“పెద్దమ్మా, నా పెట్టె నాకు ఇచ్చెయ్.”

పెద్దమ్మ నోరు తెరిచింది, మూసింది. కొంగు వేలికి చుట్టుకుంది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. నుదుటి మీద చెమట పట్టింది. కుడిచెయ్యి దానంతటదే పెట్టె మీదికి పోయింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఆపాలని చూసింది. కొంతసేపటికి రెండు చేతులూ కలిసి స్క్రూలు విప్పాయి. కొంగుతో తుడిచి, ఏడుస్తూ, పెట్టె నా ముందుకు చాచింది.

“నా వల్ల కాదే మరిడీ.”

ఆ పెట్టెను ఆవిడ చేతుల్లోంచి తీసి, తిరిగి దుంగకు ఆనించి పట్టుకున్నాను. స్క్రూల కోసం చేయి చాచాను.

“నువ్వు ఇస్తూనే ఉండు పెద్దమ్మా. నేను తీసుకోను.”